నడి పట్నమా, శివారా? చదువుకున్న మన పిల్లలు నడిచిన దారి



ఏటా జూన్, జూలై నెలల్లో మాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. మా ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పదో తరగతి దాకా ఉండి, ఆ తర్వాత డిగ్రీయో బీటెక్కో నర్సింగో పూర్తిచేసి, హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం సంపాదించుకున్న పిల్లల ఫోన్లవి. "మేడం, జాబ్ వచ్చింది" అని ఒక నిమిషం సంతోషం. రెండో నిమిషంలోనే అసలు ప్రశ్న. "రూము ఎక్కడ తీసుకోవాలె మేడం?"

రెండేళ్ల కింద ఒకే వారంలో ఇద్దరు అమ్మాయిలు ఫోన్ చేశారు. ఇద్దరూ మా దగ్గర పక్కపక్క మంచాల మీద పడుకుని చదువుకున్నవాళ్లే. ఒకమ్మాయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంది. గదికి నలుగురు, బట్టలు ఆరేసుకోవడానికి జాగా లేదు. ఇంకో అమ్మాయి పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీ ల్యాబులో చేరి, అక్కడే ఒక గది అద్దెకు తీసుకుంది. గది పెద్దది, గాలి వస్తుంది, కానీ సాయంత్రం ఆరు దాటితే పలకరించే మనిషి లేదు. మొదటి అమ్మాయి "శివారుకు పోతే బాగుండు" అంది. రెండో అమ్మాయి "పట్నం నడుమకు పోతే బాగుండు" అంది. ఇద్దరికీ ఏం చెప్పాలో మాకు తోచలేదు.

ఒక ప్రశ్నకు జవాబు దొరకనప్పుడు అది ఎప్పుడు, ఎందుకు మొదలైందో వెనక్కి పోయి చూడాలని మాకు టీచర్ ట్రైనింగ్‌లో నేర్పారు. ఈ వ్యాసంలో అదే చేస్తున్నాం. చదువుకున్న పిల్లలను నడి పట్నం ఎందుకు లాగుతుంది? శివారు ఎందుకు లాగుతుంది? అందులో మన పిల్లల దారి ఏది?

మొదటి చదువు ఊళ్లోనే ఉంచింది

మన దారి పట్నంలో మొదలు కాలేదు, రైలు పట్టాల దగ్గర మొదలైంది. 1929లో కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు మార్గం పూర్తయింది. ఆసిఫాబాద్ రోడ్, సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్లు ఆ మార్గంలోనివే. ఇవాళ మన పిల్లల్లో చాలామంది ఆ రైలెక్కే సికింద్రాబాద్‌లో దిగుతున్నారు. ఆ రోజుల్లో మాత్రం రైలు, దాని తర్వాత వచ్చిన రోడ్లు బయటి జనాన్ని మన అడవిలోకి తెచ్చాయి. భూములు చేతులు మారాయి. పోడు చేసుకునే మనవాళ్ల మీద అటవీ శాఖ ఆంక్షలు పెరిగాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాడు.

ఆ తిరుగుబాటుకు కారణాలేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. ఆయన మార్లవాయిలో ఉన్నాడు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. అక్కడ శిక్షణ పొందినవాళ్లు మన గూడేల్లోనే బడులు నడిపారు. ఒక్క సంగతి గమనించండి. మన మొదటి చదువు మనల్ని ఊరికి దూరం చెయ్యలేదు. చదువుకున్నవాడి కొలువు గూడెంలోనే ఉంది.

మా తరం దాకా దాదాపు అదే నడిచింది. మాకు చదువంటే టీటీసీ, బీఈడీ. కొలువంటే ఏజెన్సీ బడి. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో నంబర్ 3 షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే ఇవ్వాలంది. అప్పుడు మా ఈడు ఆడపిల్లల్లో పట్నం గురించి ఆలోచించినవాళ్లు ఒకరో ఇద్దరో. మాసబ్‌ట్యాంక్‌లో గిరిజన సంక్షేమ శాఖ ఆఫీసుకు కాగితాల పని మీద పోయి, సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చేవాళ్లం. పట్నం మాకు పని చూసుకుని వచ్చే చోటు, ఉండే చోటు కాదు.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు రక్షణ దొరికింది. వెనకాల వచ్చే పిల్లలకు మాత్రం ఆ తలుపు ముందున్నట్టు లేదు. అదే కాలంలో మన పిల్లల్లో ఇంజినీరింగు, ఫార్మసీ, నర్సింగు చదివినవాళ్లు పెరిగారు. ఆ చదువులకు తగిన కొలువులు ఉట్నూరులోనో జైనూరులోనో ఎన్ని ఉంటాయి? అందుకే "ఎక్కడ ఉండాలి" అనే ప్రశ్న మీ తరానికి వచ్చింది. మాకు అది రాలేదు.

పట్నానికి శివారు ఎలా పుట్టింది

ఇప్పుడు మీరు చేరుతున్న పట్నం సంగతి చూద్దాం. 1591లో చార్మినార్ చుట్టూ హైదరాబాద్ మొదలైంది. 1806లో హుస్సేన్‌సాగర్ ఆవల ఇంగ్లీషు సైన్యం ఉన్న చోటుకు సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అన్న పేరు వచ్చింది. 1874లో అక్కడికి రైలు చేరింది. పాత నగరం ఒక చోట, కొత్త కొలువులు కొంచెం దూరంలో ఇంకో చోట. ఈ పద్ధతి అప్పటినుంచే ఉంది.

1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1912లో ప్రభుత్వం నగరాభివృద్ధి కోసం ఒక బోర్డు పెట్టి ఇరుకు బస్తీలు తీసి వెడల్పు రోడ్లు వేసింది, కొత్త ఇళ్లు కట్టించింది. నడి నగరం ఇరుకు, రోగాల భయం, నీటి భయం. అంచుల్లో గాలి, వెలుతురు, జాగా. ఉన్నవాళ్లు అంచులకు జరగడానికి ఇవే కారణాలు. 1930లలో బంజారాహిల్స్ గుట్టల మీద పెద్దల బంగళాలు లేచాయి. ఆ గుట్టల మీద బంజారాలు ఉండేవాళ్లు కాబట్టే ఆ పేరు వచ్చిందంటారు. పేరు ఉండిపోయింది, పేరిచ్చినవాళ్లు అక్కడ ఉండగలిగే పరిస్థితి పోయింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

శివారు అసలు రూపం మారింది స్వాతంత్ర్యం తర్వాత. 1960లలో, 1970లలో కేంద్ర ప్రభుత్వ సంస్థలు నగరం చుట్టూ వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, తూర్పు వైపు ఈసీఐఎల్, దాని పక్కన అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ. ఈ ఫ్యాక్టరీలు ఒంటరిగా రాలేదు. వాటితో పాటు టౌన్‌షిప్పు, క్వార్టర్లు, ఆసుపత్రి, బడి, బస్సు వచ్చాయి. ఆ కాలపు చదువుకున్న కుర్రవాడిని శివారు ఎందుకు లాగిందంటే, కొలువూ ఇల్లూ ఒకే చేతి మీదుగా దొరికాయి. క్వార్టరు గ్రేడును బట్టి, సర్వీసును బట్టి వచ్చేది. ఇంటి యజమాని ముందు నిలబడి "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పే అవసరం ఉండేది కాదు. రిజర్వేషన్ మీద ఆ సంస్థల్లో చేరిన దళిత, గిరిజన కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. తర్వాత కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది. నెలజీతం మనిషికి సొంత ఇల్లు అన్న ఆశ శివారులోనే పుట్టింది.

జీతం ఇచ్చారు, క్వార్టరు ఇవ్వలేదు

1998 నవంబర్ 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటికి మాదాపూర్ కూడా శివారే, చుట్టూ రాళ్లూ గుట్టలే. కానీ ఈ కొత్త కొలువులకూ పాత ఫ్యాక్టరీ కొలువులకూ పెద్ద తేడా ఉంది. పాత సంస్థ జీతంతో పాటు ఇల్లు ఇచ్చింది. కొత్త కంపెనీ జీతం మాత్రమే ఇచ్చింది. ఎక్కడ ఉంటావో నువ్వే చూసుకో అంది.

ఆ ఖాళీలోకి ప్రైవేటు హాస్టళ్లు, పీజీలు వచ్చాయి. అమీర్‌పేట అందుకు మంచి ఉదాహరణ. అక్కడ సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్లు వరసగా ఉన్నాయి. కోర్సు నేర్చుకునేవాడు, ఉద్యోగం వెతుక్కునేవాడు, ఉద్యోగం దొరికినవాడు ముగ్గురూ ఒకే గదిలో ఉంటారు. ఇలాంటిదే అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల లోకం. పగలు ఏదో చిన్న ఉద్యోగం, సాయంత్రం లైబ్రరీ. ఇది శివారులో కుదరదు.

కాబట్టి నడి పట్నం మొదటి ఆకర్షణ తళుకు కాదని మేము అనుకుంటున్నాం. సినిమా హాళ్లు, మాల్స్ చూసే పిల్లలు పోతున్నారని మన ఊళ్లో పెద్దలు అంటుంటారు. మా పిల్లలను అడిగితే వేరే జవాబులు వచ్చాయి. ఒక ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి దగ్గర. రాత్రి పది గంటలకు కూడా బస్సో మెట్రోనో దొరుకుతుంది. జ్వరమొస్తే పక్క మంచం పిల్ల ఉంటుంది. ఒకమ్మాయి చెప్పిన మాట మాత్రం మేము ఎదురుచూడనిది. "మేడం, ఇక్కడ నన్ను ఎవరూ గమనించరు. పెళ్లి ఎప్పుడని అడగరు. అదే నాకు హాయి." ఆడపిల్లలకు నడి పట్నం ఇచ్చేది ఇదీ.

శివారు ఆకర్షణ కూడా తక్కువది కాదు. అదే జీతానికి రెండు గదులు దొరుకుతాయి. అమ్మా నాన్నా ఊరి నుంచి వస్తే పడుకోవడానికి చోటు ఉంటుంది. లేడీస్ హాస్టల్లోకి నాన్నను రానివ్వరు, తమ్ముడిని గేటు దగ్గరే నిలబెడతారు. పెళ్లై పిల్లలు పుట్టాక ఈ లెక్క ఇంకా మారుతుంది. బడి, నీళ్లు, ఆటస్థలం, చివరికి సొంత ప్లాటు. అందుకే ఒకే మనిషి ఇరవై మూడేళ్లప్పుడు అమీర్‌పేట అంటాడు, ముప్పై మూడేళ్లప్పుడు బీరంగూడ అంటాడు. మనిషి మారలేదు, అవసరం మారింది.

నగరానికీ శివారుకూ మధ్య గీత కూడా నిలకడగా ఉండదు. 2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. నిన్నటిదాకా శివారు అనుకున్న కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్ ఆ రోజుతో నగరమయ్యాయి. చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చాక శివారు ఇంకా అవతలికి జరిగింది. 2017 నవంబర్ 28న మియాపూర్ నుంచి నాగోలు దాకా మెట్రో మొదలైంది. మెట్రో పోయే చోట శివారు దగ్గరైంది. మెట్రో మియాపూర్‌తో ఆగిపోయింది కాబట్టి పటాన్‌చెరు ఇంకా దూరంగానే ఉంది. అంటే ఏది దగ్గర, ఏది దూరం అన్నది కిలోమీటర్ల లెక్క కాదు. అక్కడికి దారి ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు అన్న లెక్క.

ఇల్లు ఎవరికి ఇస్తారు?

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. మా పిల్లల్లో ఒకబ్బాయికి, అతని భార్యకు ఒక శివారు కాలనీలో ఇల్లు నచ్చింది. అడ్వాన్సు కూడా మాట్లాడుకున్నారు. "మీరేమిట్లు?" అని యజమాని అడిగాడు. గోండులం అన్నారు. మర్నాడు ఇల్లు చుట్టాలకు ఇచ్చేశామని ఫోన్ వచ్చింది. నెల తర్వాత చూసినా ఆ ఇంటికి టులెట్ బోర్డు అలాగే వేలాడుతోంది. పట్నం హాస్టల్లో నెల డబ్బులు కడితే మంచం ఇస్తారు, ఇంటిపేరు అడగరు. మన పిల్లలు నడి పట్నంలోని ఇరుకును భరించడానికి ఇది కూడా ఒక కారణమని మాకు అప్పుడు అర్థమైంది.

ఇది మన దగ్గర మాత్రమే ఉన్న జబ్బు కాదు. మీలో అమెరికా చదువుల ఆలోచన ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1947లో న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ అనే శివారు కట్టారు. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన కుర్రవాళ్లకు చవకగా సొంత ఇల్లు. అమెరికా శివార్లకు అది నమూనా అయింది. కానీ అక్కడ నల్లజాతి కుటుంబాలకు ఇల్లు అమ్మలేదు. తెల్లవారు కానివాళ్లు ఉండకూడదని ఒప్పంద పత్రంలోనే రాశారు. ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించే చట్టం అక్కడ 1968లో గానీ రాలేదు. యువత నగరాన్ని కోరుకుంటుందా, శివారును కోరుకుంటుందా అని అడిగే ముందు ఎవరిని ఎక్కడికి రానిచ్చారు అని అడగాలి. ఆ చరిత్ర మనకు నేర్పేది ఇదే.

ప్లాటు కింద ఉన్న భూమి

శివారుకు పోయే మీలో చాలామందికి ప్లాటు కల ఉంది. తప్పు కాదు. కానీ మన జాతికి భూమి చరిత్ర వేరు. ఏజెన్సీలో మన భూమి బయటివాళ్ల చేతికి పోకుండా 1959లో ఒక చట్టం, దానికి పదును పెడుతూ 1970లో 1/70 వచ్చాయి. ఆ చట్టాలు ఎందుకు అవసరమయ్యాయో మన తాతలను అడగండి. అప్పు, వేలిముద్ర, చదవలేని కాగితం. భూమి పోయింది ఇలాగే.

ఇప్పుడు మన పిల్లలు శివారు వెంచర్లలో సంతకం పెట్టేటప్పుడు కాగితం పూర్తిగా చదవకపోతే అది మళ్లీ అదే కథ. ఈ సారి తాతకు లేని చదువు మీకుంది. మా పాత విద్యార్థి ఒకతను చేరిన రెండో ఏడే లోను తీసుకుని చాలా దూరంలో ప్లాటు కొన్నాడు. లేఅవుట్ అనుమతి ఉందో లేదో చూడలేదు. ఇప్పుడు అక్కడ ఇల్లు కట్టలేడు, అమ్మలేడు, నెల నెలా కిస్తీ మాత్రం కడుతున్నాడు. ఊళ్లో చెల్లెలి చదువుకు పంపాల్సిన డబ్బు అందులో పోతోంది. పట్నం చుట్టూ ఉన్న ఆ ప్లాట్లు కూడా ఒకప్పుడు ఎవరో రైతు దున్నిన చేలే. భూమి ఎవరిది, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అని అడగడం మన రక్తంలో ఉండాల్సిన ప్రశ్న.

మరి ఎక్కడ ఉండాలి?

ఇంత చరిత్ర చూశాక మేము మీకు చెప్పగలిగింది కొంచెమే. మొదటి రెండు మూడేళ్లు కొలువుకు, కొత్త కొలువు వెతుక్కునే చోటుకు దగ్గరగా ఉండండి. అద్దె ఒక్కటే లెక్క వేయకండి, రోజూ దారిలో పోయే గంటలు కూడా లెక్క వేయండి. శివారులో అద్దె మిగిలినా, రోజుకు మూడు గంటలు బస్సులో పోతే మిగిలిందేమీ లేదు. సొంత ప్లాటుకు తొందరపడకండి. లాయరుకు చూపించకుండా కాగితం మీద సంతకం పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం, మనవాళ్లు నలుగురున్న చోటు చూసుకోండి. పట్నంలో పుట్టిన మన పిల్లల్లో కొందరికి గోండి అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. ఇంకో పదేళ్లకు అర్థం కావడం కూడా ఆగిపోతుంది. ఇందులో తప్పు పట్నానిదీ కాదు, శివారుదీ కాదు. ఒక్కొక్కరం ఒక్కో మూలన విడిపోవడం వల్ల వచ్చేది. ఫ్యాక్టరీ టౌన్‌షిప్పుల కాలంలో కొలువే మనుషులను ఒక చోట చేర్చింది. ఇప్పుడు ఆ పని మనమే చేసుకోవాలి. ఏ కాలనీలో మనవాళ్లకు ఇల్లు ఇస్తారు, ఏ హాస్టల్ ఆడపిల్లలకు మంచిది అన్న జాబితా ఒకటి సంఘం తయారుచేసి ఉంచితే, జూన్‌లో మాకు ఫోన్ చేసే పిల్లలకు వెంటనే చెప్పగలుగుతాం. ఇది సంఘం పెద్దలకు మా విన్నపం.

బంజారాహిల్స్ మాట మళ్లీ వస్తుందన్నాం కదా. 2022 సెప్టెంబర్ 17న ఆ గుట్టల మీదే కుమ్రం భీం ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాయి. అద్దె కట్టలేని కొండ మీద కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక చోటు దొరికింది. పట్నంలో ఎక్కడున్నా అక్కడికి దారి తెలుసుకుని ఉంచుకోండి. దండారికి సెలవు దొరకకపోతే, కనీసం నలుగురు కలిసే చోటు ఏదో తెలియాలి.

చివరగా ఆ ఇద్దరు అమ్మాయిల సంగతి. పోయిన ఏడు ఇద్దరూ కలిసి మియాపూర్‌లో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. రెండు ఇళ్లవాళ్లు కాదన్నారట, మూడో ఇంటి పెద్దమ్మ సరేనంది. పొద్దున ఒకరు కొండాపూర్ మీదుగా మాదాపూర్ బస్సెక్కుతారు, ఇంకొకరు పటాన్‌చెరు బస్సెక్కుతారు. మొన్న మేము శాఖ మీటింగుకు పోయి రాత్రికి వాళ్ల దగ్గరే ఉన్నాం. వాళ్లమ్మ పంపిన జొన్నపిండితో రొట్టెలు చేసి పెట్టారు. రాత్రి పొద్దుపోయేదాకా ఇద్దరూ గోండిలోనే మాట్లాడుకున్నారు. అది నడి పట్నమో శివారో మేము అడగలేదు.

జై సేవా.